ఏటవతల సీమ

తిరుపతి నుంచి చిత్తూరు పోయే బస్సు దారిని మేం చిన్నప్పుడు ఆకాశంలో ఇంకోసారి వేసుకున్నాం. ఊరికే చుక్కలకు పేర్లు పెట్టుకోవడం కాదు. అక్కడికి మనుషుల్ని పంపించాం, కాపురాలు పెట్టించాం, నీళ్ల కోసం కొట్లాడించాం, పంచాయితీలు చేశాం, తిరనాళ్లు కూడా జరిపించాం. ఆ ప్రాంతం మొత్తానికి పేరు ఏటవతల సీమ. పేరు పెట్టింది, రూల్స్ రాసింది, ఆఖరి మాట చెప్పేది అంతా మా పక్కింటి అక్క. బొమ్మలు వేసేది, జనాభా లెక్కలు రాసేది, తిట్లు తినేది నేను.

1989, 90 నాటి మాట ఇది. బైరాగిపట్టెడలో మా ఇల్లూ వాళ్ల ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. మిద్దెలు కలిసే ఉండేవి, మధ్యలో మోకాలెత్తు పిట్టగోడ. అక్క నాకంటే మూడేళ్లు పెద్ద. వాళ్ల సొంతూరు చిత్తూరు పక్కన పల్లె, వాళ్ల నాయన కువైట్‌లో డ్రైవరు, చదువుల కోసమని అమ్మా అవ్వా పిల్లలూ తిరుపతిలో బాడుగింట్లో ఉండేవాళ్లు. వాళ్ల చిన్నమామ ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతూ వాళ్లతోనే ఉండేవాడు, ఆయన్ని నేనూ మామా అనే పిలిచేవాణ్ణి. నేనిక్కడ చెప్పే లెక్కల్లో చాలావరకు ఆయన నోటి నుంచి విన్నవే, తర్వాత పెద్దయ్యాక సరిచూసుకున్నవి.

1989 ఆగస్టు 25న అమెరికా వాళ్లు పంపిన వాయేజర్-2 అనే అంతరిక్ష నౌక నెప్ట్యూన్ పక్క నుంచి పోయింది. అక్కడి నుంచి సిగ్నల్ మన దగ్గరికి రావడానికి నాలుగు గంటల పైన పడుతుందని మామ చెప్తే, మద్రాసుకు బస్సులో పోయినంత సేపే కదా అన్నాను. ఆయన నవ్వలేదు. "రేయ్, బస్సు కాదురా, వెలుగు. దానికంటే జోరుగా పోయేది లోకంలో లేదు. దానికే నాలుగు గంటలు. నెప్ట్యూన్ ఇంకా మన సూర్యుడి ఇలాకానే. పక్క చుక్కకు పోవాలంటే ఆ వెలుగుకే నాలుగేళ్ల పైన పడతాది" అన్నాడు. నేను చెనిక్కాయలు వలుచుకుంటా ఉన్నా. అక్క మాత్రం కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "అయితే మామా, ఆడ మనోళ్లు ఎవరన్నా ఉంటే, ఉత్తరం రావడానికి నాలుగేండ్లా?" అంది.

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే వాళ్లింట్లో క్యాసెట్ల సంగతి చెప్పాలి. అప్పట్లో మా జిల్లాలోనూ కడప వైపూ కువైట్‌కు మనిషిని పంపిన ఇళ్లన్నిట్లో ఇది ఉండేది. ఉత్తరం రాసే బదులు టేప్ రికార్డర్‌లో మాట్లాడి, ఆ క్యాసెట్‌ను సెలవు మీద వచ్చే వాళ్ల చేతికి ఇచ్చి పంపేవాళ్లు. తెచ్చే మనిషి ముందు వాళ్ల ఊరు పోయి, చుట్టాలందరినీ చూసుకుని, అప్పుడెప్పుడో తీరిగ్గా ఇచ్చేవాడు. అక్క వాళ్ల నాయన క్యాసెట్‌లో వెనక ఏసీ గుర్రు ఒకటే వినిపిస్తా ఉండేది, మధ్యలో ఎవరో మలయాళంలో మాట్లాడేవాళ్లు, ఆయన గొంతు సవరించుకుని "చిన్నోడికి జ్వరం తగ్గిందా?" అని అడిగేవాడు. చిన్నోడికి ఆ జ్వరం తగ్గి, బడికి పోయి, చెట్టెక్కి కింద పడి, చేతికి కట్టు కూడా కట్టించుకుని ఉండేవాడు అప్పటికి. వాళ్లమ్మ రికార్డర్‌కు దగ్గరగా వంగి "తగ్గింది" అని జవాబు చెప్పేది. చెయ్యి విరిగిన సంగతి మాత్రం చెప్పేది కాదు. ఆయనకు అందేలోపల అది కూడా అతుక్కుంటుంది, అంత దూరంలో ఉన్న మనిషికి టెన్షన్ ఎందుకని.

అక్క ఏటవతల సీమను కట్టింది ఈ క్యాసెట్ల మీదే. పోయిన మనిషికీ ఇంట్లో ఉన్న మనిషికీ మధ్య ఎంత ఆలస్యం ఉంటే ఏమవుతుంది, దానికి ఆ పిల్ల అంతరిక్షాన్ని వాడుకుంది. నాకు అప్పుడు ఇదంతా తెలియదు, నాకు రాకెట్లు కావాలి అంతే.

చుక్కల్ని ఎంచడంలో మామ సాయం చేశాడు. యూనివర్సిటీ లైబ్రరీ నుంచి దగ్గరి నక్షత్రాల పట్టిక ఒకటి చేత్తో రాసుకొచ్చాడు, పేరు, దూరం, రకం. అందులో రెండు పేర్లకు గీత గీసి పెట్టాడు, టౌ సెటి, ఎప్సిలాన్ ఎరిడాని. 1960లో అమెరికాలో ఫ్రాంక్ డ్రేక్ అనే ఆయన 26 మీటర్ల రేడియో టెలిస్కోపును ఈ రెండు చుక్కల వైపే తిప్పి, ఎవరైనా మాట్లాడతారేమోనని నెలల తరబడి విన్నాడట. మన సూర్యుడి లాంటివి, దగ్గరివి, ఒంటరివి అని ఏరుకున్నాడు. ఏమీ వినిపించలేదు. "వినిపించలేదంటే ఖాళీగా ఉందన్న మాటే కదా, మనం పోదాం" అంది అక్క. ఖాళీ స్థలం కనిపిస్తే గుడిసె వేసే బుద్ధి మా వైపు అందరికీ ఉండేదే.

టౌ సెటి దూరం దాదాపు 12 కాంతి సంవత్సరాలు, ఎప్సిలాన్ ఎరిడాని పదిన్నర. ఒక కాంతి సంవత్సరం అంటే వెలుగు ఒక ఏడాదిలో పోయే దూరం, 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. నేను ఆ అంకెను నోట్‌బుక్ మొదటి పేజీలో సున్నాలతో సహా రాసి చుట్టూ తీగ బొమ్మ వేశాను. రెండో చుక్క ఉండే గుంపును ఏటి ఆకారంలో గీస్తారు, మొదటిది తిమింగలం గుంపులోది, ఏటికి పక్కనే. ఏరు దాటి పోవాలి కాబట్టి ఏటవతల సీమ.

వాటిని చూడాలంటే డిసెంబరు దాకా ఆగాలి. మాకు గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లోనే, ఈశాన్యం తుపాన్లు వెలిసేదాకా ఆకాశం కనిపించదు. ధనుర్మాసం వచ్చాక, తెల్లారుజామున గోవిందరాజస్వామి గుడి మైకులో తిరుప్పావై వినిపించే రోజుల్లో, రాత్రి ఎనిమిదికి మిద్దెక్కితే దక్షిణం వైపు బాగా ఎత్తులో ఉండేది మా టౌ సెటి. పేరుకే చుక్క, వెతికితే గానీ దొరకదు. ఉత్తరాన తిరుమల కొండ, గాలిగోపురం లైట్లు. మన తిరుపతి ఉన్న చోటుకు ధ్రువ నక్షత్రం పదమూడున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి అది కొండ అంచుకు ఆనీ ఆనకుండా కనిపించేది, చూసేవాళ్లు అదీ కొండ మీది లైటే అనుకునేవాళ్లు. కరెంటు పోతే మా ఆనందం చెప్పనలవి కాదు. వీధిలో అందరూ కరెంటోళ్లను తిడతా ఉంటే మేమిద్దరం మిద్దె మీద ఇంకాసేపు రాకూడదని మొక్కుకునేవాళ్లం.

ఇక పేర్లు. సూర్యుడు తిరుపతి. ఇది మార్చడానికి లేదు, ఎందుకంటే బస్సు బయలుదేరేది అక్కడే. మామ పట్టికలో యూవీ సెటి అనే జంట ఎర్ర చుక్కలు ఉండేవి, 8.7 కాంతి సంవత్సరాల దూరం. లెక్క వేసి చూస్తే అది సూర్యుడి నుంచి టౌ సెటికి పోయే దారిలో దాదాపు ముప్పావు దూరం పోయాక తగులుతుంది, అక్కడి నుంచి ఇంకో మూడు కాంతి సంవత్సరాల పైన పోతే టౌ సెటి. పటంలో పెన్సిల్‌తో గీత గీస్తే చుక్క దాదాపు గీత మీదే పడింది. ఆ రోజు మామ మా కంటే ఎక్కువ ఎగిరాడు. దారిలో మొదటి స్టేజీ కాబట్టి దాని పేరు చంద్రగిరి. టౌ సెటి పాకాల, ఎందుకంటే పాకాల జంక్షను, మీటర్ గేజి రైలు ధర్మవరం వైపు చీలేది అక్కడే, ఎవరు ఎటు పోవాలన్నా అక్కడ దిగాల్సిందే. టౌ సెటికి 1.6 కాంతి సంవత్సరాల దూరంలో ఇంకో చిన్న ఎర్ర చుక్క ఉంది, వైజడ్ సెటి, దాని పేరు దామలచెరువు. పాకాల నుంచి ఐదున్నర కాంతి సంవత్సరాలు పక్కకు పోతే ఎప్సిలాన్ ఎరిడాని, అది చిత్తూరు. వాళ్ల ఊరు కాబట్టి దానికి అన్నీ మంచివే, మంచి నేల, మంచి వెలుతురు. నేను అడిగితే "నీకు తిరుపతి ఇచ్చినాం కదా" అనేది.

చంద్రగిరిలో ఎవరూ కాపురం పెట్టరు. ఇది మామ పెట్టిన షరతు. యూవీ సెటి ఉన్నట్టుండి ఎగదన్నే చుక్క. 1952లో ఒకసారి ఇరవై సెకన్లలో డెబ్భై ఐదు రెట్లు వెలుగెక్కిందని ఆయన చెప్పాడు. అట్లాంటి చోట పిల్లల్ని పెంచలేం, డ్యూటీ వాళ్లు మాత్రం రాతి లోపల తవ్విన అరల్లో ఉండి, పైకి పోయే ఓడలకు కావాల్సినవి చూసి పంపాలి. నేను ఆ అరల్ని అంతస్తులుగా గీసి, అన్నిటికంటే కింద టీ బంకు పెట్టాను. అక్క దాన్ని ఉంచింది, నా బొమ్మల్లో ఆమె ముట్టుకోకుండా ఉంచినవి తక్కువ.

అసలు గొడవ వేగం దగ్గర వచ్చింది. నాకు ఓడలు పొద్దున బయలుదేరి సాయంత్రానికి చేరాలి. అక్క ఒప్పుకోలేదు. మామను అడిగితే వాయేజర్ పోయే వేగంతో అయితే పాకాలకు రెండు లక్షల ఏళ్లు పడుతుందన్నాడు. బేరాలాడాం. చివరికి వెలుగులో పదో వంతు వేగానికి తెగింది, అంటే సెకనుకు 30 వేల కిలోమీటర్లు. మనుషులు ఎప్పటికైనా అంత వేగం సాధిస్తారా అంటే మామ భుజాలెగరేశాడు, కానీ ప్రకృతి నియమాలకు అడ్డం రాదు అన్నాడు, అక్కకు అది చాలు. ఆ వేగంతో పాకాలకు 119 ఏళ్లు. అంటే ఎక్కిన వాళ్లెవరూ దిగరు. వాళ్ల మనవళ్లో మునిమనవళ్లో దిగుతారు. నేను ఏడ్చినంత పని చేశాను, ఇదేం ఆట, నేను ఎక్కితే నేనే దిగాలి కదా అని. "దిగకపోతే ఏం, నీ పేరు పెట్టుకున్నోడు దిగతాడు" అంది.

ఆ ఒక్క రూలు నుంచి మిగతావన్నీ పుట్టుకొచ్చాయి, మాకు తెలియకుండానే. ఉదాహరణకు మొక్కులు. ఓడలు శ్రీహరికోట రేవు నుంచి లేస్తాయి, లేచే ముందు అందరూ కొండకు పోయి గుండు కొట్టించుకుంటారు, ఇంతవరకు ఇబ్బంది లేదు. కానీ పాకాలలో పుట్టిన వాడికి జబ్బు చేసి వెంకన్నకు మొక్కుకుంటే తీర్చుకునేదెట్లా? అక్క వాళ్ల అవ్వ ఈ విషయంలో తీర్పు చెప్పింది. పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కట్టి పెట్టుకోవాలి, తనవల్ల కాకపోతే కొడుక్కి అప్పగించాలి, వాడు వాడి కొడుక్కి, ఎప్పుడు తిరుపతి ఓడ బయలుదేరితే అప్పుడు అందరి ముడుపులూ అందులో వేసి పంపాలి. అవ్వకు ఇదంతా మేం ఆడే ఆట అని తెలుసో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే. వడ్డీకాసుల వాడు కదా, నూటికి పైన ఏళ్లు ముడుపు ఆలస్యం అయితే వడ్డీ ఎంతవుతుందని మామ చక్రవడ్డీ వేసి చూపించాడు, ఏటవతల సీమ మొత్తం అమ్మినా తీరదు. అవ్వ "ఆయన అంత లెక్క చూడడులే నాయనా" అని కొట్టి పారేసింది.

ఉత్తరాలు అక్క రాసేది. నోట్‌బుక్ వెనక సగమంతా అవే. చంద్రగిరి స్టేజీలో డ్యూటీలో ఉన్న ఒకాయన పాకాలలో ఉండే వాళ్లమ్మకు రేడియోలో పంపే మాటలు. పదహారేళ్లకు ఓడెక్కి, ముప్పై రెండేళ్లు ప్రయాణం చేసి, నలభై ఎనిమిదేళ్లకు చంద్రగిరిలో దిగిన మనిషి. ఒకటి నాకు దాదాపు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది, ఎందుకంటే దాన్ని మంచి రాతతో తిరగరాసింది నేనే:

"అమ్మా, నేను బాగుండాను. ఈ మాట నీకు చేరేపొద్దుకు మూడేండ్లు దాటింటాది, అప్పుడు కూడా బాగుండాననే అనుకో. మొన్న చుక్క మళ్లా ఎగదన్నింది, కింది అరలో కూచున్నాం, ఎవరికీ ఏం కాలేదు. చెల్లెలి కూతురి పెండ్లి ఎప్పుడని అడగను, అయిపోయుంటాది. అల్లుడు మంచోడయితే మంచోడని ఒక్క ముక్క చెప్పు. అది నాకు అందేలోగా వాళ్లకు బిడ్డలు పుట్టింటారు, కాబట్టి ఏం పేర్లు పెట్టాలనుకుంటా ఉండారో అది కూడా ఇప్పుడే చెప్పేయండి. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా అని అడగాలనుంది. అడగతా ఉండా. జవాబు చెప్పకపోయినా పర్వాలేదు."

పదమూడేళ్ల పిల్ల రాసింది ఇది. నేను అప్పుడు దీని పక్కన రేడియో టవర్ బొమ్మ వేసి, దాని మీద కాకిని వేశాను. పాకాలలో కాకులు లేవని చెరిపించింది.

నీళ్ల గురించి కూడా చాలా పేజీలు ఉండేవి. చిత్తూరు జిల్లా పిల్లలు ఎక్కడికి పోయినా నీళ్ల గొడవ తీసుకుపోకుండా ఉంటారా. పాకాలలో నీళ్లు లేవు, మంచురాళ్లను పట్టి తెచ్చి కరిగించాలి, ఎవరి వంతు ఎప్పుడు అని పెద్ద చిట్టా. బోరు వేస్తే వెయ్యి అడుగులకు కూడా పడలేదని ఒక పేజీలో ఉంది, ఎవరి పొలంలోదో మాట అటు పోయి అక్కడ వాలింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఫోను లేదు, ఉత్తరం లేదు, క్యాసెట్ తెచ్చే మనిషీ లేడు. మా వీధిలో సాయంత్రాలు అందరూ అక్క వాళ్ల వాకిట్లో కూర్చునేవాళ్లు. రేడియోలో బీబీసీ తమిళ వార్తలు పెట్టేవాళ్లు, మా దిక్కు తమిళం రాని వాళ్లు తక్కువ కదా, అవ్వకైతే తెలుగు కంటే అదే బాగా వచ్చు. ఎడారి దాటి జోర్డాన్ దాకా పోయిన వాళ్లను అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు బొంబాయికి తెస్తున్నాయని, రోజూ కొందరు వస్తున్నారని తెలిసింది. ఆ రెండు నెలల్లో దాదాపు లక్షా డెబ్భై వేల మందిని తీసుకొచ్చారు. ఆ సంఖ్య ఇప్పుడు చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది. అప్పుడు వాళ్ల వాకిట్లో ఉన్న లెక్క ఒక్కటే మనిషి.

అక్క ఆ రోజుల్లో మిద్దెక్కడం మానలేదు. పైగా ఎక్కువ రాసేది. చిత్తూరులో, అంటే ఎప్సిలాన్ ఎరిడానిలో, యుద్ధం వచ్చినట్టు రాసింది. నేను సంబరంగా పెద్ద ఓడ గీశాను, పక్కన మన జెండా, లోపల జనం, పాకాల నుంచి పోయి అందర్నీ ఎక్కించుకొస్తుందని. చూసి "ఎన్నేండ్లు పడతాది?" అని అడిగింది. నేను లెక్క వేశాను. కబురు పాకాలకు చేరడానికే ఐదున్నర ఏళ్లు, ఓడ పోవడానికి యాభై ఐదు, రావడానికి యాభై ఐదు. "నువ్వే చూడు" అని నోట్‌బుక్ నా ఒళ్లో పెట్టి కిందికి పోయింది. తర్వాత నేను తెరిచి చూస్తే రూల్స్ పేజీలో ఎర్ర ఇంకుతో ఒక లైను కొత్తగా ఉంది. ఏటవతల సీమలో ఖాళీ చేయించడం ఉండదు, ఎవరు ఎక్కడుంటే అక్కడే కాచుకోవాలి. మిగతా రూల్సన్నీ నీలం ఇంకే.

వాళ్ల నాయన అక్టోబరులో వచ్చాడు. బొంబాయిలో రైలెక్కి రేణిగుంటలో దిగాడు, చేతిలో రెగ్జిన్ సంచి ఒకటి, అంతే. ఇన్నేళ్ల సంపాదన, టేప్ రికార్డర్‌తో సహా, అక్కడే. మనిషి నల్లబడి చిక్కిపోయి ఉన్నాడు, చాలా రోజులు పెద్దగా మాట్లాడలేదు. మేం ఆయన్ని ఎడారి గురించి అడగాలని చూసేవాళ్లం, అక్క వాళ్లమ్మ కళ్లతోనే ఆపేసేది.

ఒక రోజు మిద్దె మీద ఆయనే మా నోట్‌బుక్ తీసుకుని తిరగేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. 119 ఏళ్ల ఓడ పేజీ దగ్గర ఆగి, ఓడ నడిపేది ఎవరు, వాడికి డ్యూటీ ఎన్ని గంటలు అని అడిగాడు. మేం ఆ విషయమే ఆలోచించలేదు. "డ్రైవరు గురించి ఎవరూ ఆలోచించరు" అని, పెన్ను అడిగి తీసుకుని, డ్యూటీ చార్టు గీశాడు. ఆరు గంటలకు ఒకసారి మారాలి, పక్కన మాట్లాడే మనిషి ఒకడు తప్పకుండా ఉండాలి, రాత్రిపూట దారి ఒకేలా ఉంటే కళ్లు మూసుకుపోతాయి, ఎడారిలో అదే జరుగుతుంది. జోర్డాన్ దారి గురించి ఆయన నోటి నుంచి మేం విన్నది ఆ ఒక్క మాటే. కింద నుంచి అవ్వ సంగటికి పిలిస్తే "ఆ ఓడలో ఇన్నేండ్లు సంగటి కెలికేది ఎవరు?" అని కూడా అడిగాడు. అప్పుడు నవ్వాడు. దానికి ఇంకో చార్టు వేయాల్సి వచ్చింది.

మరుసటి ఏడు వాళ్లు చిత్తూరు వెళ్లిపోయారు. నోట్‌బుక్ అక్కతోనే పోయింది, అది న్యాయమే. సెలవులకు నేను బస్సులో పోయేవాణ్ణి. సూర్యుడి నుంచి ఎప్సిలాన్ ఎరిడానికి రెండు గంటలు, చంద్రగిరిలో కోట కనిపిస్తుంది, పాకాల వైపు మామిడి తోటలు, జూన్‌లో అయితే దామలచెరువు మండీ కోసం కాయల లోడ్లు రోడ్డు పొడుగూతా. చిత్తూరులో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరి నిలబడి ఉండేవి. తర్వాత చంద్రగిరికీ పాకాలకూ మధ్య గాదంకిలో ఎంఎస్‌టీ రాడార్ వచ్చింది. 1024 యాంటెన్నాలు పైకి చూపించి, 53 మెగాహెర్ట్జ్ తరంగాలు ఆకాశంలోకి పంపి, గాలి పొరల నుంచి తిరిగొచ్చేది వినే కేంద్రం. అక్క దాన్ని వెంటనే పటంలో ఎక్కించింది. చంద్రగిరికీ పాకాలకూ మధ్య చుక్క లేకపోయినా, గాదంకి అని ఒక పోస్టాఫీసు, మాటలు అందుకుని గట్టిగా చేసి ముందుకు పంపడానికి.

పెద్దయ్యాక అంతరిక్షం కథలు చాలా చదివాను, సినిమాలు చూశాను. ఓడలు చిటికెలో వంద కాంతి సంవత్సరాలు దాటుతాయి, తెర మీద ముఖం చూసుకుంటూ మాట్లాడుకుంటారు. నాకు అవి ఎక్కవు. వాటిలో కొట్లాటలుంటాయి, రాజ్యాలుంటాయి, ఎదురుచూసే మనిషి మాత్రం ఉండదు. అంత పెద్ద ఆకాశం పెట్టుకుని దూరమే లేకుండా చేస్తే ఇంక అంత దూరం పోవడం ఎందుకు, తిరుపతి బస్టాండులోనే తీయొచ్చు కదా ఆ కథ. పిల్లలు నన్ను వింతగా చూస్తారు ఇలా అంటే.

మా చుక్కల గురించి నిజం వార్తలు ఒక్కొక్కటే రావడం ఇంకో తమాషా. మేం ఆడుకున్న రోజుల్లో సూర్యుడు లాంటి ఇంకో చుక్క చుట్టూ గ్రహం ఉందని రుజువే లేదు, అది తేలింది 1995లో. 2000లో ఎప్సిలాన్ ఎరిడాని చుట్టూ గురుడి లాంటి పెద్ద గ్రహం ఉందని ప్రకటించారు. అక్కకు ఎస్టీడీ చేసి చెబితే "మా చిత్తూరు కదా" అంది. 2004లో టౌ సెటి చుట్టూ మన సౌర కుటుంబంలో కంటే పది రెట్లు ఎక్కువగా తోకచుక్కల్లాంటి మంచు, రాతి శిథిలాలు ఉన్నాయని తేల్చారు. అంటే మేం వంతుల చిట్టా వేసుకుని కొట్టుకున్న పాకాలలో మంచురాళ్లకు కరువే లేదు, కాకపోతే అవి వచ్చి నెత్తిన పడే భయం. అప్పటికి మా జిల్లాలో వరసగా కరువు, అక్క వాళ్ల తోటలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్లతో చెట్లకు నీళ్లు పోస్తున్నారు. "నీళ్లున్నా బతకనియ్యరా" అని నవ్వింది ఫోన్లో, పోసిన ట్యాంకర్ల డబ్బులు ఎంతయ్యాయో కూడా అదే ఊపులో చెప్పింది.

2022లో జిల్లాలు విడగొట్టాక శ్రీహరికోట మా తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఇంతకుముందు నెల్లూరు జిల్లాది. మేం ఎప్పుడో రేవు కట్టుకున్న చోటు అధికారికంగా మా చేతికి వచ్చిందన్న మాట, ఈ సంగతి చెప్పినప్పుడు అక్క "ఆలస్యంగా వొచ్చినా మన కాగితం మనకు వొచ్చింది" అంది. అక్క ఇప్పుడు చిత్తూరులో లెక్కల టీచరు. వాళ్ల నాయన పోయి చాలా ఏళ్లయింది. మామ రిటైరయ్యాడు, కళ్లకు ఆపరేషన్ అయ్యాక చుక్కలు రెండేసి కాకుండా ఒకటే కనిపిస్తున్నాయని సంతోషిస్తున్నాడు.

మొన్న ధనుర్మాసంలో పోయినప్పుడు అక్క కూతురు మమ్మల్ని కూర్చోబెట్టి పెద్ద విషయంగా చెప్పింది. టౌ సెటి చుట్టూ గ్రహాలున్నాయని 2012లోనూ 2017లోనూ అన్నారు, కానీ అవి నిజంగా ఉన్నాయా లేక చుక్క తాలూకు అల్లరేనా అన్నది తేలలేదట. మా పాకాల జంక్షను, అంత జనాభా, అన్ని పంచాయితీలు, నిలబడడానికి నేల ఉందో లేదో తెలియదు. నాకు నిజంగానే గుండె గుబేలుమంది, నవ్వుకోండి. ఆ పిల్ల అక్కడితో ఆపలేదు. దామలచెరువు ఉంది చూడండి, వైజడ్ సెటి, ఎవరూ పట్టించుకోని ఆ చిన్న ఎర్ర చుక్క, దాని చుట్టూ మూడు గ్రహాలు 2017లోనే దొరికాయి, అందులో ఒకదానికి మన భూమి మాదిరి అయస్కాంత క్షేత్రం కూడా ఉండొచ్చని రేడియో పేలుళ్లు చూసి 2023లో అన్నారు.

"అయితే పాకాల వాళ్లందరినీ దామలచెరువుకు పంపిద్దామా? పదహారేండ్ల దారే" అన్నాను.

"మామా, అవి చుక్కకు మరీ దగ్గరగా తిరగతాయి. ఐదు రోజుల్లోపే సంవత్సరం అయిపోతాది. ఒకటే కాగు" అంది ఆ పిల్ల.

అక్క వంటింట్లో నుంచి తల బయట పెట్టి, "మే నెలలో దామలచెరువుకు ఎప్పుడన్నా పొయ్యినావా నువ్వు? ఆడ ఉండేవాళ్లు ఉండలేదా?" అని, నా దిక్కు తిరిగి, "ముందు డ్యూటీ చార్టు ఎయ్యి, డ్రైవర్లు సరిపోతారో లేదో చూద్దాం" అంది.